నోయిడా జంట హత్యలు: దేశమంతా డిటెక్టివ్‌గా మారిన కాలం

2008 మే 17 ఉదయం నోయిడా సెక్టార్ 25లోని జలవాయు విహార్‌కు ఒక విశ్రాంత పోలీసు అధికారి వచ్చారు. అప్పటికి ముప్పై గంటలుగా ఆ ఫ్లాట్‌లోకి పోలీసులు, పాత్రికేయులు, బంధువులు, ఇరుగుపొరుగువారు వచ్చి వెళుతూనే ఉన్నారు. పదమూడేళ్ళ ఆరుషి తన గదిలో హత్యకు గురైన సంగతి ముందురోజు ఉదయమే లోకానికి తెలిసింది. ఇంట్లో పనిచేసే నేపాలీ హేమరాజ్ కనిపించకపోవడంతో అతడే హంతకుడని పోలీసులు తేల్చేశారు. ఆచూకీ చెప్పినవారికి 20,000 రూపాయల బహుమతి ప్రకటించి, నేపాల్ దిశగా వేట మొదలుపెట్టారు. వచ్చిన విశ్రాంత అధికారి మాత్రం మెట్లవైపు చూశారు. డాబాకు వెళ్ళే దారిలో నెత్తుటి మరకలు కనిపించాయి. డాబా తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తాళం పగలగొట్టి చూస్తే హేమరాజ్ మృతదేహం కూలర్ పలక కింద, మే నెల ఎండకు కుళ్ళిన స్థితిలో పడి ఉంది.

ఎవరికోసం పోలీసులు దేశం సరిహద్దుల దాకా వెతుకుతున్నారో అతడు వారి తలపైనే, ఒక తాళం అవతల ఉన్నాడు. పదిహేడేళ్ళు దాటినా తేలని ఆ కేసులో జరిగిన తప్పులన్నిటికీ మూలం ఆ తలుపు దగ్గరే ఉంది. అక్కడ జరిగింది చూపులో లోపం మాత్రమే కాదు. కథ ముందే సిద్ధమైపోయింది. యజమాని ఇంట్లో హత్య జరిగి, పనివాడు కనిపించకుండా పోతే హంతకుడు అతడేనన్న కథ అది. కథ సిద్ధంగా ఉన్నప్పుడు తాళంచెవి వెతకవలసిన అవసరం ఎవరికీ కలగదు.

మొదటి కథ కూలిపోగానే రెండో కథ పుట్టింది. మే 23న ఆరుషి తండ్రిని అరెస్టు చేసి, మీరట్ రేంజి ఐజీ పత్రికా సమావేశం నిర్వహించారు. కూతురిని, పనివాణ్ణి చూడరాని స్థితిలో చూసి తండ్రి ఇద్దరినీ చంపాడన్నది పోలీసుల వాదన. ఆ అమ్మాయి పేరునైనా సరిగ్గా పలకలేకపోయిన అధికారి, ఆమె శీలం గురించి మాత్రం నిస్సంకోచంగా మాట్లాడారు. అందుకు సాక్ష్యం ఏమిటన్న ప్రశ్నకు నిలిచే జవాబు ఆ రోజున లేదు, తరవాతా రాలేదు. నాడు కేంద్రంలో మహిళా, శిశు అభివృద్ధి శాఖ బాధ్యతలు చూస్తున్న రేణుకా చౌదరి, చనిపోయిన బాలిక వ్యక్తిత్వాన్ని బజారుకీడ్చారంటూ పోలీసులపై మండిపడ్డారు. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి మాయావతి కేసును సీబీఐకి అప్పగించాలని సిఫారసు చేశారు. కానీ ఆ సమావేశం చేయవలసిన పని చేసేసింది. దర్యాప్తు అధికారే ఆధారం లేకుండా ఊహించి చెప్పవచ్చునని తేలాక, ఊహించే హక్కు దేశంలో ప్రతి ఒక్కరికీ వచ్చినట్టయింది.

ఆ హక్కును దేశం విరివిగా వాడుకుంది. తెరమీద ఫ్లాట్ నమూనాలు వెలిశాయి. ఎయిర్ కండిషనర్ శబ్దంలో పక్కగది కేకలు వినిపిస్తాయా లేదా, తలుపు బయటినుంచి గడియ పెట్టి ఉందా లేదా, తల్లి కంట కన్నీరు ఎందుకు రాలేదు అన్న చర్చలు టీవీ స్టూడియోలనుంచి రైలు పెట్టెల్లోకి, ఆఫీసు క్యాంటీన్లలోకి, అప్పుడప్పుడే మధ్యతరగతి ఇళ్ళకు చేరుతున్న ఇంటర్నెట్‌లోకి పాకాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌తో పరిచయం ఉన్న తెలుగు పాఠకుడికి ఈ ఉత్సాహం కొత్త కాదు. అయితే డిటెక్టివ్ నవలకు ఒక నియమం ఉంటుంది. పాత్రలన్నీ పుస్తకంలోనే ఉంటాయి, హంతకుడు వారిలో ఒకడై తీరాలి, చివరి పేజీలో సమాధానం దొరకాలి. నిజజీవితంలోని హత్యకు ఈ మూడు హామీల్లో ఒక్కటీ లేదు. నోయిడా కేసును దేశమంతా నవల నియమాలతో చదివింది.

నేరవిచారణలో సామాన్యుల తీర్పుకు ఈ దేశంలో ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంనుంచి సెషన్స్ కోర్టుల్లో జ్యూరీలు ఉండేవి. 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపినప్పుడు, ఆర్.కె. కరంజియా సంపాదకత్వంలోని ‘బ్లిట్జ్’ వారపత్రిక నిందితుడికి మద్దతుగా పెద్ద ఉద్యమమే నడిపింది. జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా చీలి అతడు నిర్దోషి అన్నది. ఆ తీర్పు వివేకానికి నిలవదని సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. పత్రికల ఒత్తిడికి, జనం మనోభావాలకు జ్యూరీ లొంగుతుందన్న విమర్శకు ఆ కేసు పెద్ద ఉదాహరణగా నిలిచింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు దక్కలేదు.

ముప్పై అయిదేళ్ళ తరవాత అదే జ్యూరీ మరో దారిన తిరిగివచ్చింది. ఈసారి అందులో సభ్యులు తొమ్మిదిమంది కాదు, టీవీ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ. పాత జ్యూరీ కనీసం ప్రమాణం చేసేది, ఇరుపక్షాల సాక్షులను వినేది, న్యాయమూర్తి చెప్పిన చట్టాన్ని ఆలకించేది. దాని తప్పును సరిదిద్దడానికి పైకోర్టు ఉండేది. కొత్త జ్యూరీకి ఈ కట్టుబాట్లేవీ లేవు. పోలీసులు, దర్యాప్తు సంస్థలు విలేకరుల చెవిన వేసిన ముక్కలే దానికి సాక్ష్యాలు.

2008 జూన్ ఆరంభంలో సీబీఐ రంగంలోకి దిగింది. అరుణ్ కుమార్ నేతృత్వంలోని మొదటి బృందం తండ్రిపై ఆధారాలు లేవన్నది. యాభై రోజుల నిర్బంధం తరవాత ఆయనకు బెయిలు వచ్చింది. ఈలోగా తండ్రి క్లినిక్‌లో సహాయకుడు, కుటుంబ మిత్రుల ఇంట్లో ఒక పనివాడు, పక్కింట్లో మరో పనివాడు అరెస్టయ్యారు. ఆయుధం ఖుక్రి కత్తి కావచ్చునన్నారు. నార్కో పరీక్షలు జరిపారు. మత్తుమందు ప్రభావంలో ఉన్న మనిషి గొణిగిన మాటల దృశ్యాలు చానెళ్ళకు చేరాయి. చట్టం దృష్టిలో సాక్ష్యం కాని ఆ గొణుగుడు కోట్లాదిమంది దృష్టిలో నేరాంగీకారమైంది. గడువులోగా సీబీఐ చార్జిషీటు వేయలేకపోవడంతో సెప్టెంబరులో ఆ ముగ్గురూ బెయిలుపై బయటికి వచ్చారు. ఆ తరవాత కూడా వారిపై అభియోగాలు మోపలేదు. వారి ఇంటిపేర్లు, ఊళ్ళు, మొహాలు మాత్రం అప్పటికే దేశానికి తెలిసిపోయాయి. 2010 మేలో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి సమ్మతి లేకుండా నార్కో పరీక్షలు జరపడం రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. నోయిడా పనివాళ్ళకు ఆ తీర్పు రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

2009లో సీబీఐ బృందం మారింది, బృందంతోపాటు కథా మారింది. ఖుక్రి స్థానంలో గోల్ఫ్ కర్ర, శస్త్రచికిత్స కత్తి వచ్చాయి. అనుమానం మళ్ళీ తల్లిదండ్రులవైపు తిరిగింది. ఒకే సంస్థ, ఒకే ఫ్లాటు, ఒకే శవపరీక్ష నివేదికలనుంచి ఒకదానికొకటి పొసగని రెండు కథలు తయారయ్యాయి. ఔత్సాహిక పరిశోధకుల లోకం దీనికి అనుగుణంగా రెండు శిబిరాలుగా చీలిపోయింది. తల్లిదండ్రులు నిర్దోషులనే వారికి మొదటి బృందం సత్యవాక్కు, దోషులనే వారికి రెండో బృందం.

ఈ చీలికలో హైదరాబాద్‌కూ ఒక పాత్ర ఉంది. సాక్ష్యాల డీఎన్‌ఏ పరీక్షలు జరిపిన సంస్థల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ ఒకటి. క్లినిక్ సహాయకుడి గదిలో దొరికిన ఊదారంగు దిండు గలీబుపై హేమరాజ్ డీఎన్‌ఏ ఉన్నట్టు 2008 నవంబరు నాటి నివేదికలో నమోదైంది. హేమరాజ్ నెత్తుటి ఆనవాలు మరొకరి గదిలో ఉండడమంటే కేసు మలుపు తిరగవలసిన సమాచారం. రెండేళ్ళకు పైగా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తల్లిదండ్రుల తరఫువారు ఆ విషయాన్ని కోర్టు ముందుకు తెచ్చాక, 2011 మార్చిలో సీబీఐ లేఖకు జవాబుగా అది టైపింగ్ పొరపాటని, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయని సంస్థనుంచి వివరణ వచ్చింది. పొరపాటన్నది నిజమే కావచ్చు. కానీ మనుషుల ప్రాణాలు, స్వేచ్ఛ ఆధారపడిన చోట ఒక నివేదికలోని వరుసను రెండేళ్ళపాటు ఎవరూ సరిచూడలేదన్నది అంతకంటె పెద్ద నిజం. సాక్ష్యాన్ని రాజ్యం ఇంత అలక్ష్యంగా భద్రపరిచినప్పుడు, ఆ ఖాళీల్లో ఊహలు మొలకెత్తడంలో వింత లేదు.

2010 డిసెంబరు చివరన సీబీఐ ఘాజియాబాద్ కోర్టులో కేసు మూసివేతకు నివేదిక ఇచ్చింది. తండ్రిపై అనుమానం ఉందని చెబుతూనే, విచారణకు తగిన ఆధారాలు లేవన్నది. దోషిగా నిలపలేని మనిషిపై అనుమానాన్ని అధికారికంగా రాసిపెట్టడం ఆ నివేదిక చేసిన పని. దీన్ని తల్లిదండ్రులే వ్యతిరేకించి, మరింత దర్యాప్తు జరపాలని కోరారు. 2011 ఫిబ్రవరిలో మేజిస్ట్రేటు నివేదికను తోసిపుచ్చి, దర్యాప్తు కోరిన ఆ ఇద్దరినే నిందితులుగా పిలిపించారు. దానికి కొద్దిరోజుల ముందు, జనవరి 25న, ఘాజియాబాద్ కోర్టు ఆవరణలో ఒక యువకుడు తండ్రిపై కత్తితో దాడి చేసి తీవ్రంగా గాయపరిచాడు. అంతకు ఏడాది ముందు మరో పేరుమోసిన కేసులోని మాజీ పోలీసు అధికారిపై దాడి చేసిందీ అతడే. ఎవరూ దోషిగా తేలని కేసులో శిక్ష అమలు చేయడానికి ఒకరు బయలుదేరారంటే, తీర్పు అప్పటికే మరెక్కడో వెలువడిందన్నమాట.

ఘాజియాబాద్ ప్రత్యేక కోర్టు 2013 నవంబరు 25న తల్లిదండ్రులిద్దరినీ దోషులుగా ప్రకటించి, మరునాడు యావజ్జీవ శిక్ష విధించింది. ఆ తీర్పు వెనక ఉన్న తర్కం ఒక కూడిక తీసివేత. ఆ రాత్రి ఇంట్లో నలుగురున్నారు, ఇద్దరు చనిపోయారు, కాబట్టి మిగిలిన ఇద్దరే చంపారు. అయిదేళ్ళుగా ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపించిన లెక్క కూడా అదే. ఇంట్లోకి అయిదోవాడు వచ్చి ఉండడానికి అవకాశమే లేదని రుజువైతేనే ఆ లెక్క నిలుస్తుంది. ఆ రుజువు మాత్రం లేదు.

2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. న్యాయమూర్తులు బి.కె. నారాయణ, ఎ.కె. మిశ్రాల ధర్మాసనం ఆశ్రయించినది పాత సూత్రమే. సాక్షాత్తూ చూసినవారు లేని కేసుల్లో పరిస్థితులే సాక్ష్యమైనప్పుడు, ఆ పరిస్థితుల గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదనీ, నిందితుడి దోషిత్వం తప్ప మరో వివరణకు అది తావివ్వకూడదనీ 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఇంట్లో ఏం జరిగిందో చెప్పవలసిన భారం ఇంట్లోవారిదేనన్న ప్రాసిక్యూషన్ వాదన, బయటివారు రాలేదని మొదట రుజువైనప్పుడే చెల్లుతుందన్నది హైకోర్టు నిర్ణయ సారాంశం. జస్టిస్ మిశ్రా తన ప్రత్యేక అభిప్రాయంలో మరో మాట కూడా అన్నారు. కింది కోర్టు న్యాయమూర్తి ఒక అంకెను ముందే అనుకొని లెక్క చేసే గణిత ఉపాధ్యాయుడిలా, చెల్లాచెదురైన ఘటనలను తన ఊహకు తగినట్టు కూర్చే సినిమా దర్శకుడిలా వ్యవహరించారన్నది దాని భావం.

ఆ వ్యాఖ్య ఒక న్యాయమూర్తిని ఉద్దేశించినదే అయినా, తొమ్మిదేళ్ళ దేశచరిత్రకూ అది అక్షరాలా సరిపోతుంది. ఔత్సాహికుల ఆలోచనా పద్ధతి వీధిలో ఆగిపోలేదు. అది ఐజీ పత్రికా సమావేశంలో మొదలై, దర్యాప్తు బృందాలగుండా ప్రయాణించి, న్యాయపీఠం దాకా చేరింది. ‘తెలియదు’ అన్న జవాబును ఎవరూ భరించలేకపోయారు. కానీ చట్టం గొప్పతనమంతా ఆ ఒక్క మాటను అధికారికంగా చెప్పగలగడంలోనే ఉంది. నిర్దోషిగా విడుదల చేయడమంటే పజిల్ విప్పడం కాదు. విప్పలేదని ఒప్పుకొని, ఆ వైఫల్యం భారాన్ని పౌరుడిపై మోపకపోవడం.

తెలుగునేల మీద ఇదే కాలంలో, ఇదే కథ మరో రూపంలో నడిచింది. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఎవరెవరో పెద్దవాళ్ళ పిల్లల పేర్లు ఊళ్ళో గుసగుసల్లో తిరిగాయి. పోలీసులు మరుసటి ఏడాది ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకొని అతడే హంతకుడన్నారు. చనిపోయిన అమ్మాయి తల్లే అతడు నిందితుడు కాడని చెబుతూ వచ్చింది. విజయవాడ కోర్టు 2010లో శిక్షించింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిపాక, 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. 2018లో దర్యాప్తు సీబీఐకి వెళ్ళింది. నోయిడా కేసులో వచ్చిన విడుదల తీర్పుకూ దీనికీ మధ్య ఏడు నెలల దూరమైనా లేదు. ఒక చోట దేశమంతా మాట్లాడింది, మరో చోట ఒక రాష్ట్రం మాట్లాడింది. రెండు చోట్లా జైలు గోడల మధ్య గడిచిన ఏళ్ళు మాత్రం మాట్లాడినవారివి కావు.

ఈ అనుభవంనుంచి దేశం ఏమి నేర్చుకుందో 2020 చూపించింది. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మరణాన్ని లక్షలాదిమంది ఫోను తెరలపై ‘దర్యాప్తు’ చేశారు. ఈసారి ఆ దర్యాప్తుకు పార్టీల ప్రయోజనాలు, బీహార్ ఎన్నికల వేడి తోడయ్యాయి. అతడి స్నేహితురాలైన నటి మాదకద్రవ్యాల కేసులో దాదాపు నెలరోజులు జైల్లో గడిపారు. ఎయిమ్స్ వైద్యబృందం అది హత్య కాదన్నది. 2025లో సీబీఐ మూసివేత నివేదిక సమర్పించింది. ఆమెను హంతకి అన్నవారిలో ఎందరు ఆ నివేదిక చదివి ఉంటారన్నది అడగనవసరం లేని ప్రశ్న.

అలాగని సామాన్యుల జోక్యమే నేరమనడం అన్యాయం. హేమరాజ్ మృతదేహాన్ని బయటపెట్టింది పదవిలో లేని ఒక మనిషి కళ్ళు. విచారణ గదిలో రోజుల తరబడి కూర్చుని, సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, 2015లో అవిరూక్ సేన్ రాసిన పుస్తకం తీర్పుపై గంభీరమైన ప్రశ్నలు లేవనెత్తింది. ఇబ్రహీంపట్నం కేసును చల్లారనీయనిది ఒక తల్లి మొండితనం, ఆమె పక్కన నిలిచిన మహిళా సంఘాలు. వీరెవరికీ అధికారిక హోదా లేదు. కానీ వారు చేసింది చూడటం, వినడం, కాగితం అడగడం. హంతకుడెవరో వారు చెప్పలేదు. రాజ్యం చెబుతున్నదానికి ఆధారమేదని అడిగారు. పౌరుడు చేయదగిన పరిశోధన అదే. పొరుగువాడి మొహంలో నేరాన్ని వెతకడం దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో సాగే పని.

ఇక హేమరాజ్. మొదటి రోజు అతడు హంతకుడు. వారం తిరిగేసరికి అపవాదులో భాగస్వామి. అతడూ హతుడేనన్న సంగతి మాత్రం చర్చల్లో ఎప్పుడూ చివరి మాటే. జంట హత్యల కేసుకు జనం పెట్టుకున్న పేరులో ఒక్కరికే చోటు దొరికింది. నేపాల్‌లోని కుటుంబాన్ని పోషించడానికి వచ్చి, యజమాని ఇంటి డాబాపై ప్రాణం వదిలిన మనిషి గురించి దేశం కట్టిన సిద్ధాంతాలు లెక్కలేనన్ని. అతడి ఇంటివారిని పలకరించినవారు బహు కొద్దిమంది.

హైకోర్టు తీర్పు వచ్చిన కొద్ది వారాలకే అతడి భార్య సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2018లో సీబీఐ కూడా అప్పీలు చేసింది, అత్యున్నత న్యాయస్థానం దాన్ని విచారణకు స్వీకరించింది. ఆమె అడిగినది చిన్న ప్రశ్న. తల్లిదండ్రులు చంపలేదంటే, తన భర్తను చంపినదెవరు? డాబా తలుపు తీసిన రోజునుంచీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత రాజ్యానిదే. ఆ జవాబును మరెవరూ ఊహించి చెప్పనవసరం లేదు. రాజ్యం దాన్ని మరిచిపోకుండా చూస్తే చాలు.